అరకు కాఫీ

అరకు కాఫీ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని తూర్పు కనుమలలో, అరకు లోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి పరిసరాల కొండలపై గిరిజన రైతులు పండించే అరబికా జాతి కాఫీ. సముద్ర మట్టానికి సుమారు 900 నుండి 1100 మీటర్ల ఎత్తున, పెద్ద చెట్ల నీడలో ఈ పంట పండుతుంది. 2019లో దీనికి "అరకు వ్యాలీ అరబికా" అనే పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. దక్షిణ భారతదేశంలోని కొడగు, చిక్కమగళూరు వంటి ప్రాంతాలలో కాఫీ ప్రధానంగా ఎస్టేటు పంటగా మొదలైనది. ఇక్కడ మాత్రం ఎకరం, రెండెకరాల చిన్న కమతాలలో గిరిజన కుటుంబాలే దీనిని సాగు చేస్తున్నాయి. ఇదే అరకు కాఫీ ప్రత్యేకత.

ఈ ప్రాంతం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్య పట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలాలు అందులో చేరాయి.

పేరు

"అరకు కాఫీ" అనే మాటను మూడు అర్థాలలో వాడుతున్నారు. మొదటిది, ఈ కొండ ప్రాంతంలో పండే కాఫీ అంతటికీ వాడుకలో ఉన్న పేరు. నిజానికి పంటలో పెద్ద భాగం అరకు లోయ మండలం వెలుపల, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, హుకుంపేట వంటి మండలాలలో పండుతుంది. పర్యాటక కేంద్రంగా అరకు పేరు అందరికీ తెలిసినది కావడం వలన మొత్తం పంటకు ఆ పేరే స్థిరపడింది. రెండవది, ప్రభుత్వ రంగంలోని గిరిజన సహకార సంస్థ "అరకు వ్యాలీ కాఫీ" అనే పేరుతో అమ్మే పొడి. మూడవది, నాంది ఫౌండేషన్ చొరవతో గిరిజన రైతుల సహకార సంఘం పండించే కాఫీకి ఉన్న "అరకు" అనే వ్యాపార నామం. ఈ మూడూ ఒకటి కావు. అయితే మూడింటికీ మూలం ఒకే కొండలు, ఒకే రైతాంగం.

భౌగోళిక స్వరూపం

పాడేరు ఏజెన్సీగా పిలువబడే ప్రాంతంలో 11 మండలాలు ఉన్నాయి. అవి అనంతగిరి, అరకు లోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు, పెదబయలు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. వీటికి ఉత్తరాన, పడమరన ఒడిషా రాష్ట్రంలోని కోరాపుట్, మల్కనగిరి జిల్లాల కొండలు ఆనుకొని ఉన్నాయి. కోరాపుట్ కొండలలో కూడా కాఫీ పండుతుంది. బగత, వాల్మీకి, కొండదొర, కోదు, పోర్జ, గదబ, కోటియా, నూకదొర, కమ్మర తెగలవారు ఈ ప్రాంత నివాసులు.

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన ఇక్కడ మంచి వర్షపాతం ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుఫానుల వలన కూడా వానలు పడతాయి. శీతాకాలంలో చలి తీవ్రంగా ఉంటుంది. చింతపల్లి మండలంలోని లంబసింగి ఈ చలికి రాష్ట్రమంతటా ప్రసిద్ధి పొందినది. పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య ఉన్న ఈ వ్యత్యాసం వలన కాఫీ కాయ నెమ్మదిగా పండుతుంది. గింజలో రుచి కుదరడానికి ఈ నిదానమే ముఖ్య కారణమని కాఫీ నిపుణులు చెబుతారు.

ఈ కొండలకూ కోస్తా మైదానానికీ ఉన్న సంబంధం ముఖ్యంగా నీటి ద్వారా ఏర్పడినది. గోస్తని నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా ప్రవహించి, తాటిపూడి జలాశయాన్ని నింపి, చివరకు భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. విశాఖపట్నం నగరానికి త్రాగునీరు అందించే వనరులలో తాటిపూడి ఒకటి. కావున కొండపై చెట్లు నిలిచి ఉండటం ఒక్క గిరిజనులకే గాక, ఒకప్పటి డచ్చివారి రేవు అయిన భీమునిపట్నం నుండి విశాఖపట్నం వరకు ఉన్న తీర వాసులకు కూడా సంబంధించిన విషయం. నీడ కోసం చెట్లను ఉంచుకోవలసిన కాఫీ తోట వాలు మీది మట్టి కొట్టుకు పోకుండా కాపాడుతుంది.

చరిత్ర

కాఫీ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియా. అక్కడినుండి యెమెన్ దేశానికి, అక్కడినుండి 17వ శతాబ్దంలో కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలకు వచ్చింది. బాబా బుడన్ అనే సూఫీ సాధువు ఏడు గింజలను రహస్యంగా తెచ్చి నాటాడని ఐతిహ్యం. 19వ శతాబ్దంలో బ్రిటిషు వారు కర్ణాటక, కేరళ, తమిళ ప్రాంతాల పడమటి కనుమలలో దీనిని పెద్ద ఎత్తున విస్తరించారు.

తెలుగు ప్రాంతంలో కాఫీ సాగు 1898లో తూర్పు గోదావరి జిల్లాలోని పాములేరు లోయలో ప్రారంభమైనట్లు కాఫీ చరిత్రలలో చెబుతారు. 1920 దశకంలో అది విశాఖ మన్యానికి, అనగా అరకు, అనంతగిరి, చింతపల్లి ప్రాంతాలకు చేరింది. అయితే స్వాతంత్ర్యం వచ్చేవరకు ఇది చెప్పుకోదగ్గ పంటగా ఎదగలేదు. సరైన రహదారులు లేకపోవడం, మలేరియా, పెట్టుబడిదారులకు ఆసక్తి లేకపోవడం వంటివి ఇందుకు కారణాలు.

కాఫీ సాగు విస్తరణకు అసలు కారణం పోడు వ్యవసాయం. కొండవాలు మీద చెట్లను నరికి, తగులబెట్టి, రెండు మూడేళ్ళు పంట తీసి, మరొక చోటికి మారడాన్ని పోడు అంటారు. 1882 మద్రాసు అటవీ చట్టం దీనిపై ఆంక్షలు విధించింది. ఆ ఆంక్షల వలన కలిగిన బాధలు 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో ఆ తిరుగుబాటు చింతపల్లి, గూడెం అడవులలోనే సాగింది. స్వాతంత్ర్యం తరువాత కూడా పోడు సమస్య అలాగే ఉండిపోయింది. అడవిని నరకకుండానే గిరిజనునికి ఆదాయం కలిగించే పంట ఏదని వెదికినప్పుడు చెట్ల నీడలో పెరిగే కాఫీ తగినదిగా తోచినది.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960 దశకంలో అటవీ శాఖ రిజర్వు అడవులలో కాఫీ తోటలను పెంచింది. తరువాతి కాలంలో ఈ తోటలు 1975లో ఏర్పడిన ఆంధ్ర ప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వచ్చాయి. గిరిజనులు ఈ తోటలలో కూలీలుగా పనిచేసి సాగు మెళకువలు నేర్చుకున్నారు. వాటిని తమకే అప్పగించాలన్న కోరిక వారిలో చాలాకాలంగా ఉన్నది.

1970 దశకం నుండి గిరిజన సహకార సంస్థ ద్వారా, తరువాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా గిరిజనుల సొంత భూములలో కాఫీ వేయించడం మొదలైనది. కుటుంబానికి రెండెకరాల చొప్పున తోటలను అప్పగించే పద్ధతి స్థిరపడింది. మొక్కలు, నీడ చెట్లు, ఉపాధి హామీ పథకం క్రింద కూలి వంటి సహాయాలు క్రమంగా తోడయ్యాయి. 2015-16లో పాడేరు ఏజెన్సీలో మరో లక్ష ఎకరాలలో కాఫీ వేయించే లక్ష్యంతో పదేళ్ళ పథకం ప్రారంభమైనది.

కాఫీ బోర్డు 1976లో గూడెం కొత్తవీధి మండలంలోని ఆర్.వి.నగర్ వద్ద ప్రాంతీయ కాఫీ పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ వాతావరణానికి సరిపడే రకాల ఎంపిక, నారు సరఫరా, రైతులకు శిక్షణ ఈ కేంద్రం పనులు.

భూమి హక్కులు

అరకు కాఫీ చిన్న రైతుల పంటగా నిలవడానికి చట్టాలు కూడా కారణమే. ఈ మండలాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు క్రిందికి వచ్చే ప్రాంతంలో ఉన్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరిస్తూ వచ్చిన 1970 నాటి చట్టం, అనగా ప్రజలు "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలిచే చట్టం, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిషేధించింది. అందువలన బయటి పెట్టుబడిదారులు పెద్ద ఎస్టేటులు కొనే అవకాశం లేకపోయినది.

1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన "సమత" తీర్పు ఈ రక్షణను మరింత బలపరచింది. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో ఇచ్చిన గనుల లీజుల నుండి ఈ వ్యాజ్యం పుట్టినది. షెడ్యూలు ప్రాంతాలలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం క్రింద, ఏళ్ళ తరబడి సాగులో ఉన్న అటవీ భూమికి పట్టాలు పొందే వీలు కలిగింది. కాఫీ దశాబ్దాలపాటు ఉండే పంట గనుక, భూమి తనదేనన్న నమ్మకం లేనిదే రైతు దానిని వేయలేడు.

సాగు విధానం

నీడ చెట్లు

కాఫీ మొక్క నేరుగా తగిలే ఎండను ఓర్చుకోలేదు. కావున పనస, మామిడి, నేరేడు వంటి స్థానిక వృక్షాల నీడలోను, ఆస్ట్రేలియా నుండి వచ్చిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలోను దీనిని పెంచుతారు. సిల్వర్ ఓక్ నిటారుగా, త్వరగా పెరుగుతుంది. దాని మొదలుకు మిరియాల పాదును ప్రాకిస్తారు. అందువలన ఒకే తోటలో కాఫీ, మిరియాలు రెండూ చేతికి వస్తాయి. కాఫీ ధర పడిపోయిన సంవత్సరంలో మిరియాలు రైతును ఆదుకుంటాయి. ఇంటి అవసరాలకు వరి, రాగి, సామ, అమ్మకానికి పసుపు, అల్లం, రాజ్‌మా, వలిసెలు మిగిలిన భూమిలో పండిస్తారు.

రకాలు

ఈ ప్రాంతంలో పండేది ప్రధానంగా అరబికా. ఇందులో కెఫీన్ శాతం రొబస్టాలో ఉన్నదానిలో దాదాపు సగం ఉంటుంది. రుచి మృదువుగా ఉంటుంది. అయితే తెగుళ్ళను తట్టుకొనే శక్తి తక్కువ. కాఫీ బోర్డు విడుదల చేసిన కావేరి, చంద్రగిరి, సెలక్షన్ 795, సెలక్షన్ 9 వంటి రకాలు సాగులో ఉన్నాయి. వీటిలో కావేరి, చంద్రగిరి పొట్టి రకాలు. కోతకు, సంరక్షణకు అనుకూలంగా ఉంటాయి.

ఋతుచక్రం

నారును పాలిథిన్ సంచులలో పెంచి వర్షాకాలంలో తోటలో నాటుతారు. మూడు, నాలుగు సంవత్సరాలకు కాపు మొదలవుతుంది. వేసవి ఆరంభంలో పడే జల్లులకు కొమ్మల నిండా తెల్లని పూలు పూస్తాయి. వాటికి మల్లెను పోలిన సువాసన ఉంటుంది. ఈ జల్లులు సకాలంలో పడకపోతే ఆ ఏడాది కాపు దెబ్బ తింటుంది. పూత నుండి కాయ పండడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు కోత కాలం. ఒకే గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు. కావున ఎర్రగా పండిన వాటిని మాత్రమే ఏరుతూ మూడు నాలుగు దఫాలు కోయవలసి ఉంటుంది.

కాయ నుండి గింజ వరకు

కాఫీ పండులో సాధారణంగా రెండు గింజలు ఎదురెదురుగా అతుక్కొని ఉంటాయి. అప్పుడప్పుడు ఒకే గుండ్రని గింజ ఏర్పడుతుంది. దీనిని "పీబెర్రీ" అంటారు. దీనిని వేరు చేసి అమ్ముతారు. పండు నుండి గింజను తీయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి.

పొడి పద్ధతి: పండ్లను అలాగే రెండు, మూడు వారాలు ఎండబెట్టి, తరువాత పై తొక్కను దంచి తీస్తారు. ఇలా వచ్చిన దానిని "చెర్రీ" అంటారు. దీనికి యంత్రాలు అవసరం లేదు. చాలాకాలం గిరిజన రైతులు ఈ పద్ధతినే పాటించారు. నేలమీద ఆరబెట్టినప్పుడు మట్టి వాసన, బూజు పట్టే ప్రమాదం ఉన్నది.

తడి పద్ధతి: కోసిన రోజునే పండు తొక్కను పల్పర్ యంత్రంతో తొలగిస్తారు. గింజలకు అంటుకున్న జిగురు పోవడానికి ఒకటి, ఒకటిన్నర రోజు పులియబెట్టి, కడిగి, ఎత్తయిన బల్లలమీద గాని, శుభ్రమైన కళ్ళం మీద గాని ఆరబెడతారు. గింజపై పలుచని పొర మిగిలి ఉండే ఈ రూపాన్ని "పార్చ్‌మెంట్" అంటారు. చెర్రీ కన్నా దీనికి ఎక్కువ ధర వస్తుంది. కాని ఈ పద్ధతికి నీరు ఎక్కువగా కావాలి. నీటి వాడకం తగ్గించే ఎకో పల్పింగ్ యంత్రాలను చింతపల్లి వంటి చోట్ల నెలకొల్పారు.

ఆరిన గింజలో తేమ 10-11 శాతానికి మించకూడదు. సుమారు ఆరు కిలోల పండ్ల నుండి ఒక కిలో శుద్ధమైన గింజలు వస్తాయి. వాటిని పరిమాణాన్ని బట్టి ఏ, బి, సి మొదలైన తరగతులుగా విభజిస్తారు. ఇంతవరకు గింజ రంగు పచ్చగా ఉంటుంది. వేయించిన తరువాతనే మనకు తెలిసిన గోధుమ రంగు, సువాసన కలుగుతాయి.

రుచి, గుణములు

కాఫీ రుచిని నిపుణులు గాఢత, పులుపుదనం, సువాసన, తీపి అనే అంశాలుగా పరిశీలిస్తారు. అరకు కాఫీ గాఢత మధ్యస్థం నుండి తేలికగాను, పులుపుదనం మధ్యస్థం నుండి చురుకుగాను ఉంటుందని కాఫీ బోర్డు వర్ణించింది. నిమ్మ జాతి పండ్లను తలపించే సువాసన, చివరలో బెల్లం వంటి తీపి దీని గుర్తులు. అయితే ఇవి శ్రద్ధగా ఏరి, తడి పద్ధతిలో శుద్ధి చేసిన గింజలలోనే స్పష్టంగా తెలుస్తాయి. పచ్చి కాయలు, పండ్లు కలిపి దూసిన పంటలో వగరు వస్తుంది.

తెలుగువారి ఇళ్ళలో కాఫీ అనగానే గుర్తుకు వచ్చేది ఫిల్టరులో దించిన డికాక్షను, చిక్కని పాలు కలిపినది. దీనికి వాడే పొడిలో చాలావరకు చికోరీ కలుపుతారు. చికోరీ అనేది వేయించి పొడిచేసిన ఒక మొక్క వేరు. ఇది డికాక్షనుకు రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది గాని కాఫీ సహజమైన పులుపును, పరిమళాన్ని కప్పివేస్తుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఎంత శాతం కలిపినదీ ప్యాకెట్టుపై ముద్రించవలెను. అరకు కాఫీ అసలు రుచిని తెలుసుకోగోరేవారు చికోరీ లేని పొడిని ఎంచుకోవడం మంచిది.

కొనుగోలు, మార్కెట్

1990 దశకం మధ్య వరకు భారతదేశంలో కాఫీని కాఫీ బోర్డు ద్వారానే అమ్మవలసి ఉండేది. ఆ పద్ధతి రద్దయిన తరువాత ధర మార్కెట్టు చేతికి పోయింది. ఏజెన్సీ గ్రామాలలో వారపు సంతలే ప్రధాన బజార్లు. రవాణా లేక, అవసరానికి ముందుగా తీసుకున్న అప్పుకు జమగా, రైతులు పంటను సంతలోనే దళారులకు తక్కువ ధరకు అమ్ముకోవలసి వచ్చేది. అంతర్జాతీయ మార్కెట్టులో ధర పెరిగినా ఆ లాభం కొండ మీదికి చేరేది కాదు.

దీనికి రెండు రకాల ప్రయత్నాలు జరిగాయి. గిరిజన సహకార సంస్థ ముందుగా ధర ప్రకటించి పంటను కొనుగోలు చేస్తున్నది. మరొక వైపు నాంది ఫౌండేషన్ 2000 దశకం నుండి ఈ ప్రాంతంలో పనిచేస్తూ, చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం ఏర్పాటుకు తోడ్పడింది. ఈ సంఘం పండ్లనే నేరుగా కొని, ఒకేచోట శుద్ధి చేయించి, నాణ్యతను బట్టి రైతుకు ధర చెల్లించే పద్ధతిని అనుసరిస్తుంది. 2009 నుండి రైతుల మధ్య రుచి పోటీలను కూడా నిర్వహిస్తూ వచ్చారు. పండిన కాయను మాత్రమే కోయడం అలవాటు కావడానికి ఇటువంటి ప్రోత్సాహం తోడ్పడింది.

భౌగోళిక గుర్తింపు

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో రూపొంది 2003 నుండి అమలులోకి వచ్చింది. ఒక ప్రాంతపు నేల, వాతావరణం, నేర్పరితనం వలన ప్రత్యేకత పొందిన వస్తువు పేరును ఇతరులు వాడుకోకుండా ఈ చట్టం రక్షిస్తుంది. కాఫీ బోర్డు కృషి వలన 2019 మార్చిలో కూర్గ్ అరబికా, వయనాడ్ రొబస్టా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికాలతో పాటు అరకు వ్యాలీ అరబికాకు కూడా గుర్తింపు ప్రకటించారు. విశాఖ మన్యంతో పాటు ఆనుకొని ఉన్న ఒడిషా కొండ ప్రాంతం కూడా దీని పరిధిలో ఉన్నది.

అప్పటి ప్రభుత్వ ప్రకటన ప్రకారం దేశంలోని మొత్తం కాఫీ విస్తీర్ణంలో ఆంధ్ర ప్రదేశ్, ఒడిషాల వాటా 17.2 శాతం. అయితే ఉత్పత్తిలో వాటా దీనికన్నా చాలా తక్కువ. ఎరువుల వాడకం బహు స్వల్పం కావడం, కొత్త తోటలు ఎక్కువగా ఉండడం, కొమ్మల కత్తిరింపు వంటి పనులు సరిగా జరగకపోవడం వలన ఎకరానికి దిగుబడి తక్కువ. రసాయనాలు వాడకపోవడం వేరు, సేంద్రియ ధృవీకరణ పత్రం పొందడం వేరు. భౌగోళిక గుర్తింపు పుట్టిన చోటును మాత్రమే తెలుపుతుంది.

ప్రాచుర్యం

2017లో ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో "అరకు" పేరుతో ఒక కాఫీ దుకాణం ప్రారంభమైనది. 2018లో అదే నగరంలో జరిగిన ప్రి ఎపిక్యూర్ పోటీలో ఈ కాఫీకి బంగారు పతకం లభించింది. 2021లో బెంగుళూరులో ఈ సంస్థ కాఫీ గృహం తెరచింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకలలో అరకు కాఫీ ఒకటి. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో గిరిజన సహకార సంస్థ అరకు కాఫీ అమ్మకం ప్రారంభించింది. అరకు లోయలో గిరిజన సంగ్రహాలయం దగ్గర ఉన్న కాఫీ దుకాణాలు పర్యాటకులను బాగా ఆకర్షిస్తున్నాయి.

సమస్యలు

తుఫానులు: 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను కాఫీ తోటలకు తీవ్ర నష్టం కలిగించింది. సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కలపై పడ్డాయి. నీడ పోయినందున మిగిలిన మొక్కలు కూడా ఎండకు గురి అయ్యాయి. నీడ చెట్టు మళ్ళీ ఎదగడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది గనుక ఈ నష్టం ఒక్క పంటతో పోయేది కాదు.

తెగుళ్ళు, పురుగులు: ఆకు త్రుప్పు తెగులు, కాండాన్ని తొలిచే తెల్ల పురుగు అరబికాకు ప్రధాన శత్రువులు. కాయను తొలిచే పురుగు భారతదేశంలో 1990లో నీలగిరి ప్రాంతంలో మొదటిసారి కనిపించింది. 2025లో అరకు ప్రాంతపు తోటలలో కూడా దానిని గుర్తించారు. ఈ పురుగు గింజలోనే గుడ్లు పెట్టి లోపలినుండి తినివేస్తుంది. సోకిన కాయలను ఏరి, వేడినీటిలో ముంచి, పూడ్చిపెట్టడం, నేల రాలిన కాయలను మిగల్చకపోవడం నివారణ చర్యలు. ఒక రైతు చేసి పక్క రైతు చేయకపోతే ప్రయోజనం ఉండదు. కావున గ్రామమంతా కలసి చేయవలసిన పని ఇది.

బాక్సైటు: అల్యూమినియం తయారీకి పనికివచ్చే బాక్సైటు నిక్షేపాలు అనంతగిరి వైపు గాలికొండ, రక్తకొండలలోను, చింతపల్లి వైపు జెర్రెలలోను ఉన్నాయి. 2015 నవంబరులో ఈ నిక్షేపాల తవ్వకానికి సంబంధించి వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వుకు వ్యతిరేకంగా ఏజెన్సీలో ఆందోళనలు జరిగాయి. కొండ పైభాగాన్ని తవ్వితే ఊటలు ఎండిపోయి తోటలు నశిస్తాయన్నది గిరిజనుల ప్రధాన అభ్యంతరం. 2019లో ప్రభుత్వం ఆ తవ్వక అనుమతులను రద్దు చేసింది.

ఒకే జాతి నీడ: త్వరగా పెరుగుతుందని సిల్వర్ ఓక్‌నే విస్తారంగా నాటడం వలన స్థానిక వృక్ష జాతులు తగ్గిపోతున్నాయని పర్యావరణవేత్తలు అంటారు. పండ్ల చెట్లు, స్థానిక జాతులు కలిపిన నీడ వలన పక్షులకు, తేనెటీగలకు ఆశ్రయం దొరకడమే గాక, రైతుకు తిండికి, వంట చెరకుకు కూడా ఆధారం ఉంటుంది. అడవిని కాపాడడానికి వచ్చిన పంట, అడవి స్వరూపాన్ని ఎంతవరకు నిలుపుతున్నదన్నది నీడ చెట్ల ఎంపికపై ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

అరకు లోయ
పాడేరు
బొర్రా గుహలు
గోస్తని నది
భీమునిపట్నం
గిరిజన సహకార సంస్థ
పోడు వ్యవసాయం